పొట్టేలు పిల్లలకు ఉలవ దాణా: లాభం ఎవరికి?

అనంతపురం: 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలుండగా, అందులో ఉమ్మడి అనంతపురం జిల్లాదే పెద్ద వాటా. బీళ్లు తరిగిపోతుండడంతో పాలు విడిచిన పొట్టేలు పిల్లలను దొడ్డిలోనే కట్టి మొక్కజొన్నతో మేపుతున్నవారున్నారు. మొక్కజొన్నలో మాంసకృత్తులు నూటికి 9 పాళ్లే. కొవ్వు పడుతుంది గాని కండ అంతగా పెరగదు.

ఉలవలలో అవి 22 పాళ్లు. రెండు వంతుల మొక్కజొన్న నూకకు ఒక వంతు ఉలవలు కలిపితే దాణాలో 13 పాళ్లకు పైబడతాయి. వేరుశనగ చెక్కలో ఉలవలకు రెట్టింపు ఉన్నమాట నిజమే, కాని దానిని కొనవలసిందే. ఉలవలు వేరుశనగకు అదను తప్పిన చేలలో పండుతాయి. వాటిని నానబెట్టిగాని ఉడికించిగాని పెట్టాలి. గింజలు ఒక్కసారిగా పోస్తే కడుపు ఉబ్బరం, చిటుకు రోగం వచ్చే ప్రమాదం ఉంది. టీకా ముందే వేయించి, రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలలో 250 గ్రాములకు తేవాలి. వేరుశనగ కట్టె ఎలాగూ ఉండవలసిందే.

అసలు చిక్కు సంతలో ఉన్నది. అక్కడ చాలా చోట్ల పిల్లను కాటా వేయరు. వెన్ను తడిమి కంటి అంచనాతో ధర కడతారు. ఉలవలు తిని పెరిగిన రెండు మూడు కిలోలు దళారి పాలవుతాయి. పది మంది కాపరులు కలిసి ఒక వేలాడే కాటా కొనుక్కుని, సంతకు తోలేముందు తూచుకుంటే, బేరంలో ఎంత పోతున్నదో కనీసం తెలుస్తుంది.