చదువరులు లేని దస్తావేజులు

హైదరాబాదు చరిత్ర అనగానే మనకు మొదట స్ఫురించునవి చార్మినారు, గోలకొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, సాలార్ జంగ్ మ్యూజియము. ఇవి కంటికి కనిపించునవి కనుక వీనిని గూర్చి అందరము మాట్లాడుకొందుము. 2019లో చార్మినారు మీనారు నుండి గచ్చు పెళ్ల ఊడి పడినప్పుడు ఊరంతయు ఉలికిపడినది. అది ఉచితమే. అయితే ఆ కట్టడముల నీడలో బ్రదికిన ప్రజలు ఎట్టివారో, ఏమి కొన్నారో, ఏమి అమ్మినారో, దేనికొరకు మొరపెట్టుకొన్నారో చెప్పునవి రాళ్లు కావు, కాగితములు. ఫర్మానాలు, సనదులు, రెవెన్యూ లెక్కలు, ఖాజీ మొహరు పడిన పత్రములు, పాత పత్రికల సంపుటములు దినదినము కొంచెము కొంచెముగా పురుగుల పాలగుచున్నవి. వాని పతనమునకు చప్పుడు లేదు కనుక ఎవరికిని వినిపించదు. ఆ విషయమును గూర్చియే మేము ఈ పుటలలో నాలుగు మాటలు చెప్పదలచినాము.

గత సంవత్సరము మా విద్యార్థి ఒకరు ఇంటి నుండి ఒక గుడ్డ మూటను కళాశాలకు తెచ్చినారు. అందులో ఉన్నవి ముత్తాతగారి నాటి కాగితములు. ఇంటిలో వానిని చదువగలవారు ఎవరును లేరు. రద్దీవానికి వేయబోవుచుండగా, “ఒకసారి మా గురువులకు చూపి తెచ్చెదను” అని అడిగి తెచ్చినారట. మా ఉర్దూ అధ్యాపకులు కొన్నిటిని చదివినారు. ఫారసీ శికస్తా వ్రాతలో ఉన్నవి వారికిని పూర్తిగా అంతుపట్టలేదు. ఒక కాగితము వెనుక నాలుగు పంక్తులు తెలుగులో ఉండుటచే తెలుగు శాఖవారిని పిలువవలసి వచ్చినది. ఇరువురును ప్రక్కప్రక్కన కూర్చుండి చదువగా తేలినదేమనగా, అది ఒక బావి నీటిని రెండు కుటుంబములు వంతులవారీగా వాడుకొనుటకు చేసికొన్న ఒడంబడిక. ఒక కుటుంబము ముస్లిములది, మరొకటి సాలెలది. నేడు ఆ బావి లేదు. ఆ రెండు కుటుంబములును ఒకరినొకరు ఎరుగరు. ఆ కాగితము రద్దీకి పోయి ఉన్నచో, వారు ఒకనాడు ఒకే నీరు త్రాగినారనుటకు సాక్ష్యము ఉండెడిది కాదు.

ఈ నగరపు కాగితములకు మొదటినుండియు ఇట్టి రెండు ముఖములు కలవు. కుతుబ్ షాహీల ఫర్మానాలలో ఫారసీతోపాటు తెలుగును వ్రాయించినవి కలవు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితమిచ్చినాడు. పొన్నగంటి తెలగనార్యుడు తన యయాతి చరిత్రమును అమీన్‌ఖానునకు అంకితమిచ్చినాడు. ఆసఫ్ జాహీల కాలమున దఫ్తరె దీవానీ రాయరాయన్ వంశమువారి సంరక్షణలోను, దఫ్తరె మాల్ మాథుర్ కాయస్థులైన మాల్వాలా వంశమువారి సంరక్షణలోను ఉండెడివి. ముస్లిం ప్రభువు లెక్కలను, ఫారసీ భాషలో, హిందూ కుటుంబములు తరతరములుగా కాపాడినవి. కనుక ఈ దస్తావేజులు ఏ ఒక్క మతమువారి సొత్తును కావు, ఏ ఒక్క భాషవారి సొత్తును కావు. ఆ మాల్వాలా వారి దేవిడి చార్మినారు చెంతనే ఉండెడిది. 2000లో దానిలో అధిక భాగము కూలద్రోయబడినది.

ప్రభుత్వ దఫ్తరములలో మిగిలినవి నేడు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నవి. బహమనీ సుల్తానుల కాలము నుండి ఆసఫ్ జాహీల వరకు గల పత్రములు అందు కలవు. షాజహాను, ఔరంగజేబుల కాలపు మొగలాయి పత్రములే లక్షన్నరకు పైగా ఉన్నవి. ఇవి ఒకప్పుడు ఔరంగాబాదు కోటలో ఉండి, పిదప ఇచ్చటకు చేరినవి. మొగలాయి పత్రములనగా చక్రవర్తుల విజయగాథలు అని మనము తలంతుము. అట్లు కాదు. వానిలో చాలవరకు “అర్జ్ ఓ చెహరా” అను హాజరు చీటీలు. ఒక్కొక్క సిపాయి పేరు, తండ్రి పేరు, మేని ఛాయ, ముఖము మీది మచ్చ, అతని గుఱ్ఱము రంగు, దానిపై వేసిన ముద్ర అందు వ్రాసి ఉండును. మూడు వందల యాభై ఏండ్ల క్రిందట దక్కనులో జీతమునకు నిలుచున్న ఒక సామాన్యుని ముఖము ఏ చిత్తరువులోను లేదు. ఆ చీటీలోనే ఉన్నది.

వస్తువులకు, కాగితములకు మనము చూపు శ్రద్ధలో ఎంత వ్యత్యాసము కలదో గమనింపుడు. నిజాము ఆభరణములు 173ను కేంద్ర ప్రభుత్వము 1995లో సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియము నుండి బంగారు టిఫిను డబ్బా, వజ్రములు పొదిగిన కప్పు, సాసరు, చెంచా దొంగిలింపబడినవి. కొద్ది దినములలోనే పోలీసువారు దొంగలను పట్టి వానిని తిరిగి తెచ్చినారు. సంతోషమే. పోయినది ఏదో తెలిసినందున గదా వెదుకగలిగినారు! ఆ డబ్బాకు పట్టికలో స్థానమున్నది, ఫొటో ఉన్నది, చూచినవారు ఉన్నారు. అదే రాత్రి ఎక్కడనో ఒక దస్తావేజు చెదలకు ఆహుతియై ఉన్నచో, దానికొరకు ఫిర్యాదు చేయువాడెవడు? పట్టికకెక్కని వస్తువు పోయినను పోయినట్లు తెలియదు. పట్టికకెక్కవలెనన్న ముందు దానిని ఒకరు చదువవలెను. మా మాటలో సారము ఇదియే: బీరువాలు, తాళములు, కావలివారు అవసరమే, వానికంటె ముందు కావలసినది చదువరి.

ఆ చదువరులే కరవగుచున్నారు. శికస్తా అనగా విరిగిన వ్రాత. చుక్కలు పెట్టక, అక్షరములను కలిపివేసి గుమాస్తాలు వేగముగా వ్రాసినది. అంకెలు “సియాఖ్” అను గుర్తులలో ఉండును. ఫారసీ చక్కగా వచ్చినవారును అభ్యాసము లేనిదే వానిని చదువలేరు. మరాఠీ కాగితములు మోడీ లిపిలో ఉన్నవి. పాత తెలుగు కాగితములలో పదములు విడదీయక గొలుసుకట్టుగా వ్రాయబడినవి. ఒకప్పుడు ఈ విద్యలు ఇండ్లలో తండ్రి నుండి కుమారునకు వచ్చెడివి. నేడు ఆ విద్య నేర్చినచో కొలువు దొరకునను ధైర్యము లేదు కనుక ఎవరును నేర్చుట లేదు.

ఇందుకు కొందరు, “యంత్రములు వచ్చినవి గదా, అన్నిటికి డిజిటల్ ప్రతులు తీసినచో చాలును” అందురు. ప్రతులు తీయుట మిక్కిలి మంచి పని. రాష్ట్ర ఆర్కైవ్స్‌వారు 2022లో ఇందుకొరకు నూర్ ఇంటర్నేషనల్ మైక్రోఫిల్మ్ కేంద్రముతో ఒప్పందము చేసికొన్నారు. దానిని మేము మనసార అభినందించుచున్నాము. అయితే చదివి, పేరు వ్రాసి, తేదీ గుర్తించి, వరుసలో పెట్టని ప్రతి కూడ మూయబడిన మరొక పెట్టెయే. అసలు కాగితము శిథిలమైనచో ప్రతి మిగులును. అర్థము తెలియనిచో ఏదియు మిగులదు.

మరికొందరు, “త్రాగునీరు, బడులు, ఆసుపత్రులు చాలని ఊరిలో పాత కాగితములకు ధనమా?” అని ప్రశ్నింతురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కాని పాత కాగితము ధనికుని వేడుక కాదని మేము మనవి చేయుచున్నాము. ఇనాము భూమికి, మసీదు మాన్యమునకు, దేవాలయ మాన్యమునకు, శ్మశానపు హద్దులకు తగాదా వచ్చినప్పుడు న్యాయస్థానము అడుగునది ముంతఖబు, సనదు, పాత నకలు. ధనికునికి ప్లీడరులు ఉందురు. పేదవానికి కాగితము తప్ప వేరు సాక్షి లేదు. అది చదువువారు లేనిచోట నకిలీ కాగితము అసలుగా చెల్లుబాటగును. కనుక దస్తావేజులను కాపాడుట పేదల హక్కును కాపాడుటయే.

మరియొక సంగతి. పాతవన్నియు ముందు నశించుననుకొనుట పొరపాటు. గుడ్డ పీలికలతో చేతితో చేసిన నాటి కాగితము, దీపపు మసి సిరా తేమ తగులనిచో వందల ఏండ్లు నిలుచును. యంత్రములలో కొయ్యగుజ్జుతో చేసిన పత్రికా కాగితము తన ఆమ్లముచే తానే పసుపుబారి, నూరేండ్లకు ముందే పొడియగును. అనగా షాజహాను నాటి చీటీకంటె, 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు స్థాపించిన గోలకొండ పత్రిక సంచికయే ఎక్కువ అపాయములో ఉన్నది. ఆ కాలపు ఉర్దూ పత్రికల స్థితియు ఇంతియే. మన తాతలు చదివిన పత్రికలు మన మనుమలకు దొరకక పోవచ్చును.

ఈ నగరమున పుస్తకములను, పత్రములను కాపాడిన పెద్దలకు కొదువ లేదు. 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ పూనికతో ఆసఫియా గ్రంథాలయము ఏర్పడినది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1931లో డాక్టరు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఇదారయె అదబియాతె ఉర్దూను స్థాపించినారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేలాది ఇండ్లతోపాటు ఇండ్లలోని కాగితములును కొట్టుకొనిపోయినవి. నాడు పోయినవానికి నది కారణము. ఇకమీద పోవువానికి మనమే కారణము.

కావున మా సూచనలివి. కేంద్ర ప్రభుత్వపు 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టము రాష్ట్ర దఫ్తరములకు వర్తించదు కనుక, రాష్ట్రమున అట్టి కట్టుదిట్టమైన చట్టము అమలులో ఉండవలెను; ఏ అధికారియు పట్టిక వ్రాయించక పాత ఫైళ్లను తగులబెట్టరాదు. శికస్తా, సియాఖ్, మోడీ, పాత తెలుగు వ్రాతలు నేర్చినవారికి ఆర్కైవ్స్‌లో స్థిరమైన కొలువులు ఇచ్చి, విశ్వవిద్యాలయములలో ఆ శిక్షణకు వేతనములు ఏర్పరుపవలెను. పాత పత్రికల సంపుటములకు ముందుగా ప్రతులు తీయింపవలెను.

ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొని ఉండనక్కరలేదు. ఉర్దూ, తెలుగు రెండు భాషలును ఒకే ఆవరణలో బోధింపబడు మన కళాశాలకు ఈ పని చేయు యోగ్యత ఇతరులకంటె ఎక్కువగా కలదు. ప్రతి విద్యార్థియు తన ఇంటిలోని పాత కాగితములకు ఒక పట్టిక వ్రాయవలెనని, ఇంటివారి అనుమతితో ఫొటోలు తీసి కళాశాల గ్రంథాలయమున ఉంచవలెనని మేము కోరుచున్నాము. అసలు కాగితము ఇంటిలోనే ఉండవలెను. అపరిచితుల చేతికి ఈయరాదు. చినిగినదానిని జిగురు టేపుతో అతుకరాదు, ప్లాస్టిక్ పొరల నడుమ కాల్చి అంటింపరాదు. పొడి గుడ్డలో చుట్టి, నేలకు తగులకుండ, గాలి తగులుచోట ఉంచవలెను.

బావి ఒడంబడికను ఆ విద్యార్థి తిరిగి ఇంటికి తీసికొనిపోయినారు. వారి నాయనమ్మగారు దానిని చదివించుకొని విని, ట్రంకు పెట్టెలో తమ నిఖానామా ప్రక్కన పెట్టినారట. నిన్నటివరకు రద్దీ అయిన కాగితము, ఒకరు చదివినందున, నేడు ఇంటి ఆస్తి అయినది. మన నగరమంతటికి ఈ పని జరుగవలసియున్నది. మిత్రులారా, ఈ సెలవులలో మీ ఇంటి అటక మీది మూట విప్పుడు.