గైడు దొరకడం

మొన్న ఆదివారం నా పాత శిష్యురాలొకతె టెక్కలి వచ్చింది. ఉద్దానం పిల్ల. వాళ్లమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టి చదివించింది. ఎం.ఎ. పాసయింది, ఆ పిక్కలు కొట్టే ఆడవాళ్ల మాటలమీదనే పరిశోధన చేస్తుందట.

"ఇద్దరున్నారు మాస్టారూ. ఒకాయన పేరుమోసినాయన. రెండో ఆయన పేరు యెవరికీ తెలీదు. యెవరి దగ్గర చేరమంటారు?" అంది.

నన్నా అడగడం! నా పేరు పక్కన ఈనాటికీ ఎం.ఎ. మాత్రమే వుంది. నేనూ ఒకప్పుడు పేరు చూసే చేరాను. మొదటి అధ్యాయం గురువుగారి బల్లమీద పదకొండు నెలలుంది. అడిగితే "చూస్తున్నానోయ్" అనేవారు. అంతలో రిటైరయారు. తరవాతి ఆయనకు నా విషయం నచ్చలేదు. ఆ కాగితాల కట్ట మా అటకమీద వుంది. తప్పంతా ఆయనదనను, ముందు విచారించుకోకపోవడం నాది. పెళ్లిసంబంధానికి వెళ్లినవాళ్లు పక్కింటివాళ్లనైనా అడుగుతారు గదా! నేను ఆయన పాత శిష్యుల నొక్కణ్ణీ అడగలేదు.

ఇప్పుడు కొంత నయం. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసరు ఒకేసారి 8 మందికి మించి, అసోసియేట్ ప్రొఫెసరు 6గురికి మించి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4గురికి మించి పిహెచ్.డి. చేయించకూడదు. రిటైరవడానికి మూడేళ్లకన్న తక్కువున్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. బాగానే వుంది. కాని మనసుపెట్టి చదవమని యే నిబంధన శాసించగలదు?

నౌపడలో బయలుదేరిన గుణుపురం రైలు టెక్కలి దాటి పర్లాకిమిడి చేరుతుంది. అక్కడ బడిపంతులుగా వున్న గిడుగు రామమూర్తిగారికి సవరభాష నేర్పే ప్రొఫెసరు లేడు. తెలుగు వచ్చిన సవర నొకణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆయన సవరభాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయాయి.

"అమ్మాయ్, నీకు ఇద్దరు గురువులు కావాలి" అన్నాను. "విషయం చెప్పేవాళ్లు పలాసలో పిక్కల దగ్గర కూర్చున్నారు. వాళ్లకు పట్టా ఇచ్చే అధికారం లేదు. పట్టాదాకా నడిపించే ఆయన వాళ్ల మాటకు విలువిచ్చేవాడై వుండాలి. అది చూసుకో."

పిల్ల కాసేపు ఆలోచించింది.

"పెద్దాయన, పిక్కల మాటల్లో యేముందమ్మా, ప్రబంధాలమీద చెయ్యి అన్నారండీ. రెండో ఆయన, పిక్క కొట్టే పనిముట్టుని మీ అమ్మ యేమంటుంది అని అడిగి, నేను చెప్పింది రాసుకున్నారు."

"మరి నన్నెందుకు అడుగుతున్నావే?" అన్నాను.

నవ్వి, బస్సుకు వేళయిందని లేచింది.