జిగురు అట్టకు ఎలుకా ఒకటే, బల్లీ ఒకటే

మామిడి కోతలు మొదలవగానే మా నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు షెడ్లలోకి మూడు సరుకులు దిగుతాయి: ప్లాస్టిక్ ట్రేలు, వరిగడ్డి, ఎలుకల జిగురు అట్టలు. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదానితోనే ఉంది. పుస్తకంలా మడిచి ఉండే ఈ అట్ట ఏ కిరాణా కొట్లో అడిగినా దొరుకుతుంది. విప్పి గోడవారన పరిస్తే పనైపోయింది. ఎర కలపక్కర్లేదు, బోను కడగక్కర్లేదు. అంటుకున్న ఎలుక వెంటనే చావదు. గంటల తరబడి, ఒక్కోసారి రోజు దాటాక కూడా, గింజుకుంటూ దాహంతో, ఊపిరాడక పోతుంది. ఎలుకంటే ఎవరికీ జాలి ఉండదు కాబట్టి ఆ సంగతి కాసేపు పక్కన పెడదాం. అట్టకి ఎలుకేదో, బల్లేదో తెలియదు కదా. తొండ, కప్ప, నలికిరి, పిచ్చుక, ఏది అడుగు పెట్టినా దాని పట్టు ఒకటే.

ఈ అట్టల అమ్మకం ఆగాలి, వాడకం ఆగాలి అన్నది నా మాట. ఒక బల్లికి ఇంట్లో వైద్యం చేసిన మీదట ఆ మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. తోట మా ఆయన చూసుకుంటారు. చిన్న రసాలు, బంగినపల్లి, ఒక వారగా కలెక్టర్ చెట్లు. ఊరి బయటివాళ్లు తోతాపురి అనేదాన్ని మేం కలెక్టర్ కాయ అంటాం. ఈ ఏడు కాపు కొన్న వ్యాపారి మనుషులు షెడ్డులో ఆ కలెక్టర్ కాయల కుప్ప పక్కనే అట్టలు పరిచారు. తెల్లారి చూస్తే అట్ట మీద ఎలుక లేదు, బల్లి ఉంది. పొట్ట, ఓ పక్క రెండు కాళ్లు, తోక జిగురులో దిగబడిపోయి ఉన్నాయి. సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన మా మనవరాలు "అమ్మమ్మా, ఊపిరి పీలుస్తోంది" అని అరిచింది. కాటా దగ్గరున్న మేస్త్రి నవ్వి, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందంట" అంటూ అట్ట మడిచి పెంట మీద పారేయబోయాడు. కుడితి తొట్టి అయినా నయమే. ఈది గట్టెక్కొచ్చు. జిగురులో ఈత ఎక్కడిది?

అది ట్యూబులైటు పక్కన తిరిగే ఇంటి బల్లి కాదు. బూడిదరంగు ఒళ్లు, దాని మీద ముదురు చారలు. మామిడి బెరడులో కలిసిపోయి, పక్కనే నిలబడ్డా కంటికి ఆనని చెట్టు బల్లి. మన దక్షిణాదిలో మొక్కలూ జంతువులూ సేకరించిన లెషెనో అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడి పేరు మీద 1836లో దానికి హెమిడాక్టైలస్ లెషెనాల్టీ అని శాస్త్రీయ నామం పెట్టారు. పగలంతా బెరడు పగుళ్లలో, తొర్రల్లో ఉంటుంది. రాత్రిపూట టార్చి వేసుకుని వెళితే ముదురు చెట్ల మొదళ్ల మీద తలకిందులుగా కనిపిస్తుంది. పురుగులే దాని తిండి.

జిగురులో చిక్కిన జీవిని లాగకూడదు. లాగితే పల్చటి చర్మం చీరుతుంది, వేళ్లు ఊడొస్తాయి. మొదట చుట్టూ ఖాళీగా ఉన్న జిగురు మీద బియ్యప్పిండి చల్లాలి. లేదంటే ఓ కాలు విడిపించేలోపు ఇంకో కాలు అంటుకుంటుంది. తరవాత చెవిలో పెట్టుకునే దూది పుల్లని వంట నూనెలో ముంచి, ఒంటికీ జిగురుకీ మధ్య అంచు వెంట రాయాలి. కళ్లకీ ముక్కుకీ తగలనివ్వకూడదు. నూనె ఇంకి జిగురు జారడానికి టైం పడుతుంది. ఆ టైం ఇవ్వాలి. మనవరాలు టార్చి పట్టుకుంది, నేను ఒక్కో వేలూ విడిపించాను. చివర్లో తోకని మాత్రం అదే వదిలేసుకుంది. తోక అట్ట మీద కొట్టుకుంటుంటే పిల్ల ఏడ్చింది. మళ్లీ మొలుస్తుందని చెప్పాను. మొలుస్తుంది కానీ లోపల ఎముక రాదు, మృదులాస్థి కడ్డీ వస్తుంది. పైగా బల్లి కొవ్వు దాచుకునేది తోకలోనే. తోక పోయిందంటే కరువు రోజుల కోసం దాచుకున్నది పోయినట్టే.

పాడి గేదె ఈనలేక అవస్థ పడుతుంటే 1962కి ఫోను కొడితే బండి ఇంటి ముందుకే వస్తోంది. అది చిన్న మేలు కాదు. బల్లికి ఎవరొస్తారు? తెలిసిన పశువైద్యుడికి ఫోను చేస్తే ఆయన నవ్వలేదు. "నాలుగొందల కిలోల గేదెకి డోసు నిద్రలో లేపి అడిగినా చెబుతానమ్మా. గ్రాముల్లో తూగే దీనికి మందు వెయ్యకపోవడమే మందు. వెచ్చగా, చీకటిగా ఉంచండి, నీళ్లు చూడండి" అన్నారు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మాకు దగ్గరే. చిలకలు, తాబేళ్లు, బల్లుల వంటి వాటికి చికిత్స ఎలాగో పల్లె డాక్టర్లకి అక్కడ అప్పుడప్పుడూ తరగతులు పెడితే ఇలాంటి ఫోన్లకి మరింత వివరమైన జవాబు దొరుకుతుంది.

చెప్పుల అట్టపెట్టెకి చిల్లులు పొడిచి, లోపల తడిపి పిండిన మెత్తటి గుడ్డ, ఓ బెరడు ముక్క వేశాం. బల్లి ఒంటి వేడి బయటి నుంచే రావాలి. చల్లబడితే తిన్నది కూడా అరగదు, అందుకని కూలర్ గదిలో పెట్టలేదు. ఎండకి కాగే రేకుల షెడ్డులో పెడితే పెట్టెలోనే మాడిపోతుంది. వంటింటి పక్క గదిలో సర్దాం. సిరంజీతో నీటి చుక్క ముక్కు కొన మీద పెడితే మొదట అది అలాగే నిలబడిపోయింది. కాసేపటికి గులాబీరంగు నాలుక బయటికొచ్చి చుక్కని లాక్కుని, ఆ ఊపులోనే పైకెళ్లి కన్ను తుడిచింది. చెట్టు బల్లికి కనురెప్పలుండవు, కంటికి తుడుపుగుడ్డ నాలుకే. అది చూశాక బతుకుతుందని నమ్మకం కుదిరింది.

మేస్త్రి పెరుగన్నం పెట్టమన్నాడు. పక్కింటావిడ అరటిపండు తెచ్చారు. చెట్టు బల్లి కదిలే పురుగునే తింటుంది. రాత్రి వరండా లైటు కింద మనవరాలు రెక్కల పురుగులు పట్టి పెట్టెలో వదిలేది. కలెక్టర్ కాయల దగ్గర దొరికింది కాబట్టి దానికి 'కలెక్టర్' అని పేరు కూడా పెట్టింది. దాంతో మా వీధిలో వేళాకోళం మొదలైంది. కలెక్టర్ గారు లేచారా, టిఫిన్ చేశారా అని అందరూ అడిగేవారే.

తినడం మొదలెట్టినా గోడ ఎక్కలేకపోయేది. రెండడుగులు వేసి జారేది. బల్లి గోడ మీద నిలబడటానికి చుక్క జిగురు అక్కర్లేదు. టోకే అనే పెద్ద బల్లి పాదం ఒక్కోదాని మీద దాదాపు 5 లక్షల సన్నటి కేశాలుంటాయి, ఒక్కో కేశం కొన మళ్లీ వందల పాయలుగా చీలి ఉంటుంది. ఆ కొసలు గోడకి మరీ దగ్గరగా ఆనడంతో అణువుల మధ్య పుట్టే ఆకర్షణే దాన్ని పట్టి ఉంచుతుందని 2000, 2002లలో కెల్లార్ ఆటమ్ బృందం ప్రయోగాలతో చూపింది. మన చెట్టు బల్లి పాదాలదీ ఇదే పద్ధతి. జిగురూ నూనే పట్టి ఆ కేశాలు మూసుకుపోతే బల్లికి కాళ్లున్నా లేనట్టే. కడిగితే కొంత పోతుంది. పూర్తిగా పోవాలంటే కుబుసం విడవాలి. విడిచింది. ఒక వేలి చుట్టూ మాత్రం పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంది. దాన్ని వదిలేస్తే రక్తం ఆడక వేలు ఎండి రాలిపోతుంది. తడి దూదితో నానబెట్టి తీశాం. ఆ తరవాత పెట్టె గోడ ఎక్కి మూత కింద కూర్చుంది.

హైదరాబాదు తీసుకెళ్లి పెంచుకుంటానని మనవరాలు పట్టుబట్టింది. వద్దన్నాను. నగరాల్లో కొందరు గాజు పెట్టెల్లో లెపర్డ్ గెకోలని పెంచుతున్నారు. వేడి సరిపోకపోయినా, కాల్షియం చాలకపోయినా వాటి ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. కొనేముందు తెలుసుకోవాల్సింది కొన్నాక తెలిసి, అప్పుడు డాక్టర్ కోసం వెతుకుతారు. పెట్టెలో పుట్టినదానికే అంత అవస్థ ఉంటే, తోటలో పుట్టినదానికి పెట్టె ఎందుకు? జబ్బున్నంతవరకే పెట్టె. నయమయ్యాక చీకటి పడే వేళ కలెక్టర్ చెట్టు మొదట్లోనే వదిలేశాం.

బల్లికి ఇంత సేవ ఏమిటని నవ్వినవాళ్లున్నారు. మన పంచాంగాల వెనక పేజీల్లో బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో పట్టిక వేసి ఉంటుంది. ఆ దోషం పోవాలని కంచి వరదరాజస్వామి గుడికి వెళ్లి బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వస్తాం. అదే చేత్తో ఇంటికొచ్చి జిగురు అట్ట పరుస్తాం. శేషాచలం కొండల్లో రాతి సందుల్లో బతికే అసలు బంగారు బల్లికి వన్యప్రాణి సంరక్షణ చట్టం అండ ఉంది. మామిడి మొదట్లో ఉండే బల్లిని ఎవరూ లెక్కలో వేయరు. పైగా విషమని భయం. బడి భోజనంలో బల్లి పడిందని పేపర్లో చూసినప్పుడల్లా ఆ భయం పెరుగుతుంది. మన బల్లుల్లో ఏదీ విషజీవి కాదు. దాని పేగుల్లో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు. అందుకే బల్లి పడిన వంటకం పారబోయాలి, బల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అంతవరకే జాగ్రత్త. చంపాల్సిన పని లేదు.

బల్లులుంటే తేనెమంచు పురుగు పోతుందని నేను చెప్పను. పూత మీద ఆ పురుగు పడిందంటే ఏ బల్లీ కాపాడలేదని రైతు ఇంటి మనిషిగా నాకు తెలుసు. కానీ మందు ఖర్చు లేకుండా, రాత్రంతా పురుగులు ఏరుకు తినే జీవిని మన చేతులతో చంపుకోవడం ఏ లెక్కన లాభం?

ఎలుకలు నష్టం చేస్తాయి, కాదనను. మాగబెట్టిన పండ్లలో చొరబడితే ఒక్క రాత్రిలో ట్రేలకి ట్రేలు కొరికి పెడతాయి. దానికి జిగురే గతి కాదు. రాలిన కాయ ఎప్పటికప్పుడు ఎత్తేయాలి, షెడ్డు తలుపు కింద రేకు కొట్టించాలి, కన్నాలు సిమెంటుతో పూడ్చాలి. ఇనుప బోను పెడితే పట్టుకున్నదేదో కళ్లకి కనిపిస్తుంది, కానిదాన్ని వదిలేయొచ్చు. వరి చేలల్లో ఎలుకలు పట్టడంలో యానాదుల బుట్టలకి సాటి లేదని డెల్టా రైతులకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. భారత జంతు సంక్షేమ మండలి 2011లోనూ, 2020లోనూ జిగురు అట్టలకి వ్యతిరేకంగా సూచనలు జారీ చేసింది. వీటి వాడకం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11కి విరుద్ధమని చెప్పింది. ఆ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకి ఈ సీజన్లో కిలో మంచి రసాలు కూడా రావు. న్యూజిలాండ్ 2015 నుంచే ఎలుకల జిగురు అట్టల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించి, తప్పనిసరైతే ప్రభుత్వ అనుమతి తెచ్చుకోమంది. ఇంగ్లండులో 2022లో చట్టం చేసి, 2024 జూలై 31 నుంచి లైసెన్సు లేనివారు వాడటం నేరమన్నారు.

మన దగ్గర పార్లమెంటు దాకా వెళ్లేవరకు ఆగక్కర్లేదు. రైతు సేవా కేంద్రాల్లో, మామిడి మార్కెట్లలో ఈ అట్టలు వద్దని ఓ బోర్డు పెట్టొచ్చు. కాపు అమ్ముకునేటప్పుడు షెడ్డులో జిగురు అట్ట పెట్టకూడదని వ్యాపారితో ముందే మాట తీసుకోవచ్చు. పురుగుల కోసం తోటలో కట్టే పసుపు జిగురు అట్టలకి చుట్టూ సన్న ఇనుప వల బిగించి, మొదలుకి ఆనకుండా వేలాడదీయాలి. పురుగు దూరుతుంది, బల్లీ పిట్టా తగలవు. సీజను అయ్యాక వాటిని తీసేయాలి. కొట్టువాడు జిగురు అట్ట చేతిలో పెడితే, అది వద్దు, బోను ఉంటే ఇవ్వమని అడగండి. పదిమంది అలా అడిగితే వచ్చే సీజనుకి అతను బోన్లే తెప్పిస్తాడు.