చక్రానికీ నాడి చూడాలి

కిందటి నెల ఈ శీర్షికలో రక్తపోటు గురించి రాసి, ఊరగాయ తగ్గించమని సలహా ఇచ్చాం. దాని మీద సభ్యులు చెప్పిన మాటల సారాంశం ఒక్కటే: "డాక్టరు గారూ, ఈసారి మా కంచం జోలికి రాకుండా ఏమన్నా రాయండి." చిత్తం. ఈ నెల కంచం జోలికి రాము. అయితే ఉప్పును మాత్రం వదిలేట్టు లేదు. ఎందుకంటే ఈ నెల కథానాయకుడు ఒక పాత కారు. పాత కార్లకు ఉప్పును మించిన శత్రువు లేదు.

మనం ఉంటున్న ఒహాయో రాష్ట్రంలో మంచు పడితే రోడ్ల మీద ఉప్పు చల్లుతారని అందరికీ తెలుసు. క్లీవ్‌లాండ్ దగ్గర ఈరీ సరస్సు అడుగున గని తవ్వి మరీ ఉప్పు తీస్తారు. మంచు కరుగుతుంది, నిజమే. కాని ఆ ఉప్పునీళ్ళు కారు అడుగున చేరి రేకును కొరుక్కుతింటాయి. 1970లలో జపాను నుంచి వచ్చిన కార్ల రేకు పలచన, తుప్పుకు అడ్డుపడే పూతలు తక్కువ. ఆ రోజుల్లో ఇక్కడ తిరిగిన డాట్సన్లూ, టొయోటాలూ ఇవాళ కలికానికి కూడా కనబడకపోవడానికి కారణం అదే.

అలాంటి చోట, మన సంఘం పెద్దల్లో ఒకరి గరాజులో, 1972లో కొన్న డాట్సన్ 510 ఒకటి చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆ పెద్దాయనా డాక్టరే. మేము గుంటూరులో చదువు ముగించుకుని రెసిడెన్సీకి ఇక్కడ దిగిన రోజుల్లో, మొదటి మూడు వారాలు మాకు అన్నం పెట్టిన ఇల్లు అది. బాబాయిగారూ, పిన్నిగారూ అని పిలుచుకున్నాం. బాబాయిగారు కిందటేడు పోయారు.

ఆయన 1976లో రెండో కారు కొన్నారు. అప్పటి నుంచి చలికాలం వస్తే డాట్సన్‌ను గరాజు గడప దాటనివ్వలేదు. అందుకే అది ఉప్పు బారిన పడకుండా బతికింది. పిల్లలు ఎదిగి, తలో రాష్ట్రానికి వెళ్ళారు. ఇప్పుడు దాన్ని అమ్మేద్దామంటున్నారు. పిన్నిగారు మమ్మల్ని పిలిచి తాళంచెవి చేతిలో పెట్టారు.

"అబ్బాయీ, నేను ఈ దేశంలో దిగిన రోజు విమానాశ్రయం నుంచి ఇంటికి ఇందులోనే వచ్చాను. ఏటిసూతకం తీరాక గుడికి మొదటిసారి ఇందులోనే వెళ్ళాలని ఉంది. నువ్వు కాస్త నడిచేట్టు చేసి పెట్టు నాయనా. ఆ తరవాత అమ్ముకుంటారో ఉంచుకుంటారో వాళ్ళ ఇష్టం."

మాకు అంతకన్నా ఏం కావాలి! మాకు చిన్నప్పటి నుంచీ జపాను కార్ల పిచ్చి. దానికి పునాది మా నాన్నగారి మారుతీ 800. సుజుకీ వారి చిన్న కారును మన దేశానికి తగ్గట్టు మలిచి, 1983 డిసెంబరు 14న మొదటి తాళంచెవి కొనుగోలుదారుకు అందించిన బండి. మన జహీరాబాదులో కూడా 1980లలో హైదరాబాదు ఆల్విన్ వారు నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు తయారుచేశారు. కాబట్టి డాట్సన్ మనకు మరీ పరాయిది కాదు, నిస్సాన్ వారి పాత పేరే అది. 1980ల మొదట్లో ఆ పేరు తీసేశారు. 2014లో మన దేశంలో మళ్ళీ తెచ్చి, 2022లో మళ్ళీ ఆపేశారు.

పేరు వెనక చిన్న కథ ఉంది. మొదట్లో ఆ వ్యాపారానికి డబ్బు పెట్టిన ముగ్గురు భాగస్వాముల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే 'డాట్'. 1931లో దాని కొడుకు లాంటి చిన్న కారు చేసి, కొడుకు అనే అర్థంతో 'డాట్సన్' అన్నారు. తీరా చూస్తే జపాను భాషలో 'సన్' అంటే నష్టం అనే అర్థం వస్తోంది. ఇంగ్లీషు అక్షరం ఒకటి మార్చి, కొడుకును సూర్యుడు చేశారు. శుభాశుభాలు చూసుకోవడంలో మనమే మొనగాళ్ళం అనుకోనక్కర్లేదు.

ఇక 510 సంగతి. 1968 మోడలుగా అమెరికాకు వచ్చినప్పుడు దీని ధర 2000 డాలర్లకు కాస్త లోపు. అంతకు పదేళ్ళ ముందు టొయోటా వారు తెచ్చిన టొయోపెట్ క్రౌన్ ఇక్కడి పెద్ద రహదార్ల వేగానికి తట్టుకోలేక మూడేళ్ళలోనే వెనక్కి వెళ్ళింది. ఆ అనుభవం చూశాక, అమెరికాలో డాట్సన్ వ్యవహారాలు చూసిన యుటాకా కటయామా గారు పట్టుబట్టి దీనికి 1600 సీసీ ఇంజను పెట్టించారని చెబుతారు. ముందు డిస్కు బ్రేకులు. సెడాన్‌లో వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటు. ఆ ధరలో అప్పట్లో అది గొప్పే. 1971, 1972 సంవత్సరాల్లో జాన్ మోర్టన్ దీన్ని నడిపి, ట్రాన్స్-ఆమ్ పందేల్లో 2.5 లీటర్ల లోపు తరగతి విజేతగా నిలిచాడు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాక, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరాక, ఈ చిన్న కార్ల విలువ అందరికీ తెలిసొచ్చింది. 1965 చట్టం తరవాత వచ్చిన మన పెద్ద డాక్టర్లలో చాలామంది రెసిడెంటు జీతంతో కొన్న మొదటి కార్లు ఇలాంటివే. ముచ్చటపడి కొనలేదు, ఖరీదు చూసి కొన్నారు. పని తీరాక వంద డాలర్లకో రెండు వందలకో వదిలించుకున్నారు.

ఇవాళ వాటి భోగం వేరు. 351 మాత్రమే తయారైన టొయోటా 2000జీటీ ఒకటి 2013లో వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. ఇరవై అయిదేళ్ళు నిండిన కారుకు ఇక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంటుంది. అందువల్ల జపాను నుంచి పాత కార్లు తెప్పించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. 1989 నాటి స్కైలైన్ జీటీ-ఆర్ కోసం 2014 దాకా రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ళు మాకు తెలుసు.

ఈ పిచ్చిలో ఇంకో పిచ్చి ఉంది. అదే చక్రాల పిచ్చి. ఇక్కడే మేము బోల్తా పడ్డాం.

మన ఎడ్లబండి చక్రానికి ఆకులున్నట్టే వీటికీ ఆకులుంటాయి. యొకొహామాలో 1968లో మొదలైన వటనబె వారి ఎనిమిది ఆకుల చక్రం చూస్తే మీరూ గుర్తుపడతారు. 'ఇనీషియల్ డీ' బొమ్మల కథలో తెల్ల టొయోటాకు ఉండేవి అవే. మీ పిల్లల్ని అడగండి, చెబుతారు. లోతైన పళ్ళెంలాంటి అంచుతో స్పీడ్ స్టార్ వారివి మరో రకం. రేస్ వారు 1996లో తెచ్చిన టీఈ37 ఇంకో రకం. పదిహేను అంగుళాల సైజులో దాని బరువు 3.7 కిలోలు, పేరులోని అంకె అదే. పోత పోసిన చక్రం కన్నా ఒత్తిడితో సాగగొట్టి చేసిన చక్రం అంత తేలిగ్గా ఉండీ గట్టిగా ఉంటుంది.

పిన్నిగారి డాట్సన్‌కు ఉన్నవి మామూలు పదమూడు అంగుళాల ఇనప చక్రాలు, మీద మెరిసే మూతలు. మాకవి కళ్ళకు ఆనలేదు. ఊరి బయట జరిగే పాత సామాన్ల సంతలో ఎనిమిది ఆకుల చక్రాలు నాలుగు కనబడ్డాయి. బోల్టుల కొలత సరిగ్గా మనదే. 114.3 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు బోల్టులు, అంటే నాలుగున్నర అంగుళాలు. 1400 డాలర్లు పోసి తెచ్చాం. మా శ్రీమతితో 400 అని చెప్పాం. (ఈ శీర్షిక ఆవిడ చదువుతుంది. ఇప్పుడు తెలిసిపోయింది.)

కొత్త టైర్లు వేయించి, చక్రాలు బిగించి చూస్తే కారుకు పెళ్ళికళ వచ్చింది. పిన్నిగారి ప్రయాణం ఇక అయిదు రోజులుంది. గుడికి పోనూ రానూ తొంభై మైళ్ళు, అందులో సగం పెద్ద రహదారి. కారును చివరిసారి చూపిద్దామని, డెబ్బై దాటిన ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఇంజను వినలేదు, బ్రేకు తొక్కలేదు. చక్రాల ముందు గొంతుక్కూచున్నాడు.

"వీటి మీద చేసినవాళ్ళ పేరేదీ?" అన్నాడు.

పేరు లేదు. ఆ సంగతే మేము చూడలేదు.

చక్రాలు ఊడదీసి, శుభ్రంగా కడిగి, ఎర్రటి పలచని రంగు పూశాడు. పావుగంట ఆగి గుడ్డతో తుడిచేసి, మీద తెల్లటి పొడి చల్లాడు. అల్యూమినియం అయస్కాంతానికి లొంగదు కాబట్టి, ఇనుముకు చేసే అయస్కాంత పరీక్ష దీనికి పనికిరాదు. ఈ రంగు పరీక్షే గతి. పైకి తెరుచుకున్న పగులు ఎంత సన్ననిదైనా అందులోకి ఇంకిన రంగు పొడిలోకి ఊరి బయటపడుతుంది. మూడు చక్రాలు తెల్లగానే ఉన్నాయి. నాలుగోదాని మీద, బోల్టు రంధ్రం పక్క నుంచి ఆకు మొదలు దాకా, వెంట్రుకంత ఎర్రగీత నెమ్మదిగా పైకి తేలింది.

ఎముకలో ఇలాంటి గీతలు ఎక్స్‌రేలో ఎన్ని చూశామో లెక్కలేదు. రోగి నడిచి వస్తాడు, నొప్పి కొంచెమే అంటాడు. బరువు మోపుతూ పోతే ఒకనాడు పుటుక్కుమంటుంది. అరవై మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు చక్రం పుటుక్కుమంటే ఏమవుతుందో, అత్యవసర విభాగంలో రాత్రులు గడిపిన మాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ కారులో గాలిసంచులు లేవు. వెనక సీటులో నడుముకు కట్టుకునే పట్టీ తప్ప భుజం పట్టీ లేదు. ఆ సీటులో మేము కూర్చోబెట్టబోయింది డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని.

రోగి చెప్పింది నమ్మకు, పరీక్ష చెయ్యి అని వైద్యవిద్యార్థులకు పాఠం చెప్పే మేమే, మెరుపు చూసి మోసపోయాం. అమ్మినవాణ్ణి అని లాభం లేదు. అతను పేరున్న చక్రాలని ఎక్కడా అనలేదు. అలా అనుకున్నది మేమే.

ఆ రాత్రే పాత ఇనప చక్రాలు బయటికి తీశాం. మెకానిక్కు వాటినీ తిప్పి చూసి, వంకర లేదు, తుప్పు లేదు అన్నాడు. కొత్త టైర్లు వాటికి మార్చి బిగించాడు. అయినా పిన్నిగారిని పెద్ద రహదారి ఎక్కించడానికి మాకు మనసొప్పలేదు. ఊళ్ళ మీదుగా పోయే పాత రోడ్డున, నలభై అయిదు దాటకుండా తీసుకెళ్ళాం. ఆవిణ్ణి ముందు సీటులో కూర్చోబెట్టాం, అక్కడ భుజం పట్టీ ఉంది. గంట పట్టాల్సిన ప్రయాణం రెండు గంటలు పట్టింది. ఆవిడ తొందరపడలేదు.

ఎక్కబోయే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం మూత మీద చెయ్యి వేసి నవ్వారు.

"ఈ సొట్ట చూశావా? నేను వచ్చిన ఏడు, మంచులో గుంటలో పడి ఈ మూత ఊడి దొర్లుకుంటూ పోయింది. మీ బాబాయిగారు కోటూ టై వేసుకుని, మూత వెంట వీధి చివరిదాకా పరిగెత్తారు. అప్పటిదాకా ఆయనంటే నాకు బెరుకు. ఆ రోజు నవ్వలేక చచ్చాను."

ఆ మూతల్ని మేము అట్టపెట్టెలో పెట్టి, పారేసే సామానుతో కలిపాం. ఆ మాట ఆవిడతో అనలేదు.

ఇక, అలవాటు ప్రకారం, మందుచీటీ.

పాత చక్రాలు కొనేవారు ముందు చేసినవారి పేరు చూడండి. తరవాత ముద్రలు. జేడబ్ల్యూఎల్ అన్నది తయారీదారు తానే పరీక్షించి వేసుకునే ముద్ర. వీఐఏ అన్నది బయటివారు సరిచూశారనే గుర్తు. దొంగ ముద్రలూ ఉన్నాయి కాబట్టి రంగు పరీక్ష మానకండి.

బోల్టుల కొలత కుదిరితే చాలదు. చక్రం ఎంత బయటికి వస్తోందో చూడండి. ఎక్కువ వస్తే అందం పెరుగుతుంది, బేరింగులు అరుగుతాయి. నట్ల మొన ఆకారం కొత్త చక్రానికి సరిపోవాలి. బిగించిన యాభై, వంద మైళ్ళకు మళ్ళీ బిగించి చూసుకోవాలి.

టైరు మీద డాట్ అనే గుర్తు పక్కన చివరి నాలుగంకెలు దాని జాతకం. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. పదేళ్ళు దాటినదాన్ని, గాట్లు ఎంత లోతున్నా, నమ్మకండి.

చిన్నపిల్లల్ని మాత్రం ఇలాంటి కార్లలో రోడ్డు మీదికి తీసుకెళ్ళకండి. మా ఇంట్లో ఇది మా శ్రీమతి శాసనం. ఆవిడ పిల్లల వైద్యురాలు, అప్పీలు లేదు.

కారు ఇంకా పిన్నిగారి గరాజులోనే ఉంది. అమ్మే మాట ఈ మధ్య ఎవరూ ఎత్తడం లేదు. ఆదివారాలు మేము వెళ్ళి ఇంజను తిప్పి, కాఫీ తాగి వస్తున్నాం.

చివరిగా ఒక విన్నపం. పెద్దల ఇళ్ళలో ఆల్బముల్లో మొదటి కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి తప్పకుండా ఉంటుంది. వెనక పేరు, సంవత్సరం, నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి. ఈ పత్రికలో ఫొటోలు వేసే స్తోమత మనకు లేదు గాని, ఉగాది నాడు హాల్లో గోడకు అంటిద్దాం. చక్రాలు కనబడే ఫొటో అయితే మరీ సంతోషం.

వచ్చే నెల మళ్ళీ మీ కంచం జోలికి వస్తాం.