ఇంజిన్ స్టార్టయింది సరే, మిగిలిన ఆ రింగ్ ఎక్కడిది?

ఆదివారం మధ్యాహ్నం. పాత మోటార్‌సైకిల్ కార్బొరేటర్‌ను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం పూర్తయింది. నాలుగు కిక్కులకు ఇంజిన్ అందుకుంది. చేతులు తుడుచుకుని పళ్లెంలోకి చూస్తే, అడుగున పెసరగింజంత రబ్బరు రింగ్, దాని పక్కనే పలుచటి వాషర్ మిగిలి ఉన్నాయి. అప్పుడు వినిపించే మాట దాదాపు ప్రతిచోటా ఒకటే: "బండి నడుస్తోందిగా, పోనీలే." కంపెనీవాడే రెండు ముక్కలు ఎక్కువ పెట్టాడన్న జోకు కూడా పాతదే. ఆ నవ్వు వెనుక ఒక తప్పు లెక్క దాగి ఉంది. ఇంజిన్ స్టార్టయింది కాబట్టి పని సరిగ్గా జరిగిందనుకోవడమే ఆ తప్పు.

అది ఎందుకు తప్పో తెలియాలంటే కార్బొరేటర్ చేసే పని చూడాలి. గాలి వెళ్లే గొట్టం దాని మధ్యలో సన్నబడుతుంది. అక్కడ గాలి వేగం పెరిగి, పీడనం తగ్గుతుంది. డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రచురించిన గ్రంథం, ఇటలీకి చెందిన వెంచూరి 1797లో వెలువరించిన ప్రయోగాలు ఈ సూత్రానికి పునాది వేశాయి. కింద గిన్నెలో ఉన్న పెట్రోల్‌పై మాత్రం వాతావరణ పీడనం ఉంటుంది. ఈ తేడా వల్ల పెట్రోల్ సన్నని జెట్ గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పాత బండిలో ఈ పాళ్లు చూసుకోవడానికి సెన్సర్ ఉండదు, కంప్యూటర్ ఉండదు. రంధ్రాల కొలతలు, స్ప్రింగుల బలం, రింగుల బిగువే ఆ పని చేస్తాయి. జెట్ రంధ్రం వ్యాసం 1 మిల్లీమీటరు నుంచి 1.05 మిల్లీమీటర్లకు పెరిగినా, దాని వైశాల్యం 10 శాతం పెరిగిపోతుంది. చూడటానికి మొరటుగా ఉన్నా, కార్బొరేటర్ నిజానికి ఒక కొలత పరికరం.

పైగా అందులో పెట్రోల్‌కు ఒకే దారి ఉండదు. బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు పైలట్ జెట్‌ది పెత్తనం. రైజ్ పావు నుంచి ముప్పావు దాకా ఇచ్చినప్పుడు నీడిల్‌ది, పూర్తిగా ఇచ్చినప్పుడు మెయిన్ జెట్‌ది. స్టాండ్ మీద నిలబెట్టి స్టార్ట్ చేసి చూడటమంటే వీటిలో ఒక్క దారినే పరీక్షించడం. మూడు సబ్జెక్టుల్లో ఒకటి రాసి వచ్చి, పరీక్ష పాసయ్యానని చెప్పుకున్నట్టే.

ఇప్పుడు ఆ రింగ్ సంగతి. చాలా జపాన్ తరహా కార్బొరేటర్లలో ఐడిలింగ్ మిశ్రమాన్ని సరిచేసే స్క్రూకు ముందు ఒక స్ప్రింగ్, ఒక వాషర్, ఒక ఓ-రింగ్ వరుసగా ఉంటాయి. స్క్రూ విప్పినప్పుడు స్ప్రింగ్ బయటికి వస్తుంది. రింగ్, వాషర్ తరచూ లోపలే అతుక్కుని ఉండిపోతాయి. తర్వాత గాలి కొట్టినప్పుడో, క్లీనర్ చల్లినప్పుడో ఎప్పుడో ఊడిపడతాయి. అవి ఎక్కడివో ఎవరూ చూసి ఉండరు. అవి లేకుండా బిగిస్తే స్క్రూ మరల సందుల్లోంచి లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. ఐడిలింగ్ నిలకడగా ఉండదు. రైజ్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో చిటపటలు వినిపిస్తాయి. రైజ్ ఇస్తే మాత్రం బండి మామూలుగానే పోతుంది కాబట్టి అనుమానం ప్లగ్ మీదకో, పెట్రోల్ మీదకో మళ్లుతుంది.

ఇది చిన్న ఇబ్బందితో ఆగకపోవచ్చు. మిగిలింది ఫ్లోట్ వాల్వ్ కింద ఉండాల్సిన వాషర్ అయితే, పెట్రోల్ గిన్నె నిండి, వేడి ఇంజిన్ పక్కనే పొంగి కారుతుంది. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి నడిపే పాత టూ-స్ట్రోక్ బండ్లలో మరో ప్రమాదం ఉంది. పెట్రోల్ తగ్గితే దానితోపాటు ఆయిలూ తగ్గుతుంది. వేడి పెరిగే సమయంలోనే జారుడు తగ్గి, పిస్టన్ పట్టేసి, నడుస్తున్న బండి వెనుక చక్రం బిగుసుకుపోవచ్చు.

దీనికి ఇప్పుడు ఇంకో అంశం తోడైంది. పెట్రోల్‌లో 20 శాతం ఎథనాల్ కలిసినప్పుడు కావలసిన గాలి పాళ్లు 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి తనంతట తానే సర్దుకుంటుంది. పాత కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. అంటే దాని మిశ్రమంలో ఇప్పటికే గాలి పాలు కాస్త ఎక్కువ. దొంగగాలికి చోటిచ్చే వెసులుబాటు మునుపటికన్నా తగ్గింది.

మిగిలిన ప్రతి ముక్కా తప్పుకు గుర్తేనా అంటే, కాదు. బజారులో దొరికే రిపేర్ కిట్లు ఒకే డబ్బాతో రెండు మూడు మోడళ్లకు సరిపోయేలా వస్తాయి. అందులో కొన్ని మిగలడం సహజం. చూడవలసింది పాత ముక్కలు మిగిలాయా, కిట్‌లోవి మిగిలాయా అన్నదే. విప్పేటప్పుడు లెక్క పెట్టుకున్నవారే ఆ తేడా చెప్పగలరు.

లెక్క పెట్టడం చాదస్తం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్ట్ ప్రకారం, రోగిని థియేటర్ నుంచి బయటికి తీసుకెళ్లేలోపు పరికరాలు, దూది పట్టీలు, సూదుల లెక్క సరిపోయిందని నర్సు నోటితో చెప్పాలి. రోగి ఊపిరి తీసుకుంటున్నాడు కదా అని అక్కడ ఎవరూ ఊరుకోరు. షెడ్‌లోనూ అదే పద్ధతి పనికొస్తుంది. విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయాలి. విప్పిన వరుసలోనే ముక్కల్ని గుడ్ల ట్రేలో పెట్టాలి. స్క్రూ ఎన్ని చుట్లకు బిగిసి ఉందో రాసుకోవాలి. రూపాయి ఖర్చు లేదు.

అయితే భారమంతా మెకానిక్ మీదే వేయడం న్యాయం కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కార్బొరేటర్ విద్య చేతి నుంచి చేతికి అందే దారి సన్నబడుతోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్ పరిధిలో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. తయారీ ఆపేసిన మోడళ్లకు సైతం ఏ ముక్క తర్వాత ఏ ముక్క వస్తుందో చూపే బొమ్మలను కంపెనీలు అక్కడ ఉచితంగా, తెలుగు సహా భారతీయ భాషల్లో పెట్టాలి. అటువంటి ఒక్క బొమ్మ ఉంటే పళ్లెంలో మిగిలిన రింగ్ ఎక్కడిదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అప్పటిదాకా, ముక్క మిగిలితే దాన్ని డబ్బాలో పడేయకుండా, బండిని రోడ్డెక్కించకుండా, కార్బొరేటర్‌ను ఇంకొక్కసారి విప్పి చూడటమే మంచిది. పోయేది ఒక సాయంత్రమే.