ఎద్దు కాలి నాడా ఎవరి బాధ్యత?

తొలకరి మొదలైంది. విత్తనాల ధర, ఎరువుల కొరత, బ్యాంకు అప్పులు ప్రతి ఏడూ ఈ నెలలో మనం మాట్లాడుకునేవే. ఈసారి సంపాదకీయానికి మేము ఒక చిన్న ఇనుప ముక్కను తీసుకున్నాం. ఎద్దు గిట్టకు కొట్టే నాడా. కొన్నిచోట్ల లాడం అంటారు, తెలంగాణ పల్లెల్లో నాలు అంటారు. పేరేదైనా, అది ఊడిపోయిన రోజున గానీ, మేకు తప్పుగా దిగిన రోజున గానీ రైతుకు జరిగే నష్టం చిన్నది కాదు. మెట్ట సేద్యంలో విత్తనానికి దొరికే పదును నాలుగైదు రోజులే. ఆ రోజుల్లో ఒక ఎద్దు కుంటితే కాడి కదలదు. రెండో ఎద్దు ఎంత బలమైనదైనా ఒంటరిగా గొర్రు లాగలేదు. పదును ఆరిపోయాక అరువు జత దొరికినా ఫలితం ఉండదు.

ట్రాక్టర్ల కాలంలో ఎద్దుల ఊసెందుకు అని అడిగేవాళ్లున్నారు. ఎడ్లు తగ్గిన మాట నిజమే. 2019 పశుగణన ప్రకారం 2012తో పోలిస్తే దేశంలో ఆవు జాతిలో ఆడ పశువులు 18 శాతం పెరిగాయి, మగ పశువులు 30 శాతం తగ్గాయి. అయినా ఆనాటికి మగ పశువులు 4 కోట్ల 70 లక్షలకు పైగా ఉన్నాయి. అందులో దూడలు, ఆబోతులు పోను మిగిలిన ఎడ్లు ఎవరి కొట్టాల్లో ఉన్నాయో చూడండి. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి వేసే రైతు దగ్గర, అనంతపురం, కర్నూలు ఎర్రనేలల్లో వేరుశనగ వేసే రైతు దగ్గర, రెండు మూడెకరాల మెట్ట చెలక మీద బతికే కుటుంబాల దగ్గర ఉన్నాయి. దుక్కికి ట్రాక్టరు పిలిచినా, సాళ్ల మధ్య గుంటక తోలడానికి, దంతి పాయడానికి ఎద్దే దిక్కు. కలుపు కూలి భరించలేని రైతుకు కాడెద్దులే ఆస్తి. మంచి జత ధర లక్ష దాటిన ఈ రోజుల్లో ఆ ఆస్తి నాలుగు గిట్టల మీద నిలబడి ఉంది.

వెనకటి తరాల్లో ఎద్దుకు నాడా అంతగా అవసరపడలేదు. మట్టి బాటలు, మెత్తటి చేలు. గిట్ట నెలకు సుమారు అర సెంటీమీటరు పెరుగుతుంది, నడకలో అంతే అరుగుతుంది. ఇప్పుడు ఇంటి నుంచి చేనికి వెళ్లే దారి తారు రోడ్డు, సిమెంటు రోడ్డు, లేదంటే కంకర పరిచి వదిలేసిన రోడ్డు. బరువు బండితో ఆ దారిన నడిచే ఎద్దుకు గిట్ట పెరిగే దానికన్నా అరిగేది ఎక్కువ. వానాకాలంలో బురదలో నాని మెత్తబడిన గిట్టకు పలుగురాయి తగిలితే లోపలి కండ కందిపోతుంది. రోడ్డు వేసినవాళ్లు రైతు బండిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ లోటు పూడ్చుకునే భారం నాడా రూపంలో రైతు మీదే పడింది. వరి దమ్ములో తిరిగే ఎడ్లకు దీని అవసరం తక్కువ, బురదలో నాడాలు నిలవవు కూడా. రోడ్డెక్కే బండెద్దులకు, రాతి నేలల్లో దున్నే ఎద్దులకు మాత్రం నాడా లేకుండా గడవదు.

గుర్రం డెక్క ఒకటే చెక్క. ఎద్దు గిట్ట రెండు చీలికలు. చీలికకొక నాడా చొప్పున కాలికి రెండు, నాలుగు కాళ్లకు ఎనిమిది పలుచని రేకులు. గుర్రం మూడు కాళ్ల మీద నిలబడి నాలుగో కాలు పట్టనిస్తుంది. ఎద్దు అలా నిలబడలేదు. అందుకే మన దగ్గర మోకు వేసి పడగొట్టి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి నాడాలు కొడతారు. గట్టి నేల మీద పడితే కొమ్ము విరుగుతుంది, తుంటి ఎముక దెబ్బతింటుంది. నిండు కడుపుతో పడుకోబెట్టి ఎక్కువసేపు ఉంచితే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది. ఇక మేకు సంగతి. గిట్ట పైగోడలో నొప్పి తెలియదు. దాని లోపల నెత్తురు, నరాలు ఉన్న సజీవమైన కండ ఉంటుంది. రెండింటికీ మధ్య అడుగున సన్నని తెల్లగీత కనిపిస్తుంది. మేకు ఆ గీతకు బయటే దిగాలి, కొస బయటి వైపుకే రావాలి. గుర్రం డెక్క కన్నా ఎద్దు గిట్ట గోడ పలుచన. వెంట్రుకవాసి తేడా వస్తే చీము పడుతుంది, ధనుర్వాతం ముప్పూ ఉంటుంది.

ఇంత సున్నితమైన పని చేసే నాల్‌బందులు, కమ్మరులు మన సంతలకు, ఊళ్లకు తిరిగి తరతరాలుగా ఈ విద్యను నిలబెట్టారు. సంచిలో సుత్తి, పట్టకారు, ఉలి, గుప్పెడు మేకులు వేసుకుని ఎండలో కూర్చుని పనిచేసే వాళ్లను ఏ శాఖా తనవాళ్లుగా లెక్కించలేదు. ఎడ్లతో పాటు వాళ్ల రాబడీ తగ్గింది. పిల్లలు వేరే పనులకు పోతున్నారు. పది ఊళ్లకు ఒక్కరు మిగిలినచోట ఆయన వచ్చేదాకా ఎద్దు అరిగిన గిట్టతోనే నడుస్తోంది.

లోకంలో ఈ విద్య ఆగిపోలేదు. డబ్బున్న వైపు పరుగెత్తింది. అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో హెన్రీ బర్డెన్ 1835లోనే గుర్రపు నాడాలు చేసే యంత్రానికి పేటెంటు పొందాడు. తర్వాత ఆయన యంత్రం నిమిషానికి 60 నాడాలు తీసింది. కొన్నది ఎవరు? ఆ దేశపు అంతర్యుద్ధంలో సైన్యం. 2013లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. గుర్రం డెక్క కొలతలు తీసుకుని త్రీడీ ముద్రణతో టైటానియం నాడాలు తయారు చేసింది. పందెపు గుర్రం కోసం. మేకులు లేకుండా జిగురుతో అంటించే పాలీయురేథేన్ నాడాలు, రోడ్డు మీద జారకుండా టంగ్‌స్టన్ కార్బైడ్ పొదిగిన నాడాలు, అవసరమైనప్పుడు తొడిగి పని అయ్యాక విప్పేసే రబ్బరు బూట్లు ఇవాళ పడమటి దేశాల్లో దొరుకుతున్నాయి. విప్పి తొడిగే ఆలోచన కొత్తది కాదు. రోమన్లు తమ పశువులకు ఇనుప చెప్పులు తొడిగి తోళ్లతో కట్టేవారు. జపాన్‌లో గుర్రాలకు గడ్డితో అల్లిన చెప్పులు వేసేవారు.

పాడి ఆవుకూ కొంత దక్కింది. సిమెంటు గచ్చు మీద నిలబడే సంకర జాతి ఆవుకు ఒక గిట్ట చీలిక పుండు పడితే, విదేశాల్లో పక్కనున్న మంచి చీలిక కింద చెక్క దిమ్మ గానీ రబ్బరు దిమ్మ గానీ జిగురుతో అంటిస్తారు. బరువంతా మంచి చీలిక మీద పడి, పుండు పడిన చీలిక నేలకు తగలకుండా ఆగుతుంది. కొన్ని వారాల్లో మానుతుంది, ఆ తర్వాత దిమ్మ తీసేస్తారు. ఇందులో మన వల్ల కాని పని ఏమీ లేదు. దిమ్మ, జిగురు, గిట్ట చెక్కే కత్తి, నేర్పున్న ఒక చెయ్యి ఉంటే చాలు.

యుద్ధపు గుర్రానికి, పందెపు గుర్రానికి, పాడి ఆవుకు ఆలోచించే వాళ్లు దొరికారు. రెండెకరాల రైతు ఎద్దుకు దొరకలేదు. గుర్రపు బూట్లు తెప్పించి ఎద్దుకు తొడిగితే సరిపోదా అని కొందరు రైతులు అడుగుతున్నారు. సరిపోవు. నడిచేటప్పుడు ఎద్దు గిట్ట చీలికలు రెండూ విడివిడిగా కదులుతాయి. ఒకే చెక్కకు కుట్టిన బూటు వాటిని బిగించేస్తుంది. మధ్యలో మట్టి, ఇసుక చేరి ఒరుసుకుపోయి పుండవుతుంది. మన ఎద్దుకు కావలసింది రెండు చీలికలకు విడివిడిగా అమరేది, మన ఎండకు జిగురు కరగనిది, మన కంకరకు చిరగనిది, ఊరి నాల్‌బందు వేయగలిగేది, చిన్న రైతు కొనగలిగేది. ఇది పరిశోధకుల పని. పశుశక్తి వినియోగంపై భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఆధ్వర్యంలో అఖిల భారత పరిశోధన పథకమే నడిచింది. తిరుపతిలో, హైదరాబాద్‌లో పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. ఈ ప్రశ్న వాళ్ల ముందు పెట్టాల్సింది మనమే.

చట్టం మాత్రం ఎద్దును మరిచిపోలేదు. 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం గాయపడిన, కుంటుతున్న పశువుతో పని చేయించడం నేరం. 1965 నిబంధనల ప్రకారం బండెద్దుతో రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. ఈ నిబంధనలతో మాకు పేచీ లేదు. ఎద్దు ఏడ్చిన సేద్యం బాగుపడదని మన పెద్దలు ఏ చట్టమూ రాకముందే చెప్పారు. కుంటే ఎద్దును కట్టిన రైతును తప్పు పట్టే ప్రభుత్వం, ఆ ఎద్దు కుంటకుండా ఉండడానికి ఊళ్లో ఏం ఏర్పాటు చేసిందన్నదే మా ప్రశ్న. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు ఉండకూడదు ప్రభుత్వ వ్యవహారం.

అందుకే రెండు రాష్ట్రాల ప్రభుత్వాల ముందు, కేంద్రం ముందు ఈ కోర్కెలు పెడుతున్నాం.

ఒకటి. ఎడ్లున్న ప్రతి పెద్ద గ్రామంలో, ప్రతి పశువుల సంతలో ట్రావిస్, అంటే పశువును నిలబెట్టి కట్టే బోను, ఏర్పాటు చేయాలి. పొట్ట కింద పట్టెలు, కాలు ఎత్తి కట్టే అడ్డకర్ర ఉన్న గట్టి బోను ఉంటే ఎద్దును పడగొట్టే పని తప్పుతుంది. యూరప్ పల్లెల్లో ఎడ్లకు ఇలాంటి చట్రాల్లోనే నాడాలు కొట్టేవారు. నాలుగు స్తంభాలు, నాలుగు ఇనుప గొట్టాల పని ఇది.

రెండు. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా రుణం ఇస్తున్నారు. జాబితాలో కమ్మరి ఉన్నాడు, నాడాలు కొట్టేవాడు లేడు. నాల్‌బందు వృత్తిని విడిగా చేర్చాలి. పశువైద్యుల చేత గిట్ట నిర్మాణంపై వాళ్లకు శిక్షణ ఇప్పించి గుర్తింపు కార్డులు ఇవ్వాలి.

మూడు. పశువైద్యశాలల్లో, 1962 సంచార వాహనాల్లో గిట్ట దిమ్మలు, జిగురు, గిట్ట కత్తులు మందులతో పాటు ఉంచాలి.

నాలుగు. ఎద్దు గిట్టకు తగిన రబ్బరు, పాలీయురేథేన్ నాడాల తయారీని పరిశోధన సంస్థలకు అప్పగించి, రైతుల ఎడ్ల మీద, రైతుల చేలల్లోనే పరీక్షించాలి. ఫలితం వచ్చాక సబ్సిడీ మీద ఇవ్వాలి.

ఐదు. ఎడ్లతో సేద్యం చేసే చిన్న, సన్నకారు రైతులకు ఏడాదికి 30,000 రూపాయల సాయాన్ని రాజస్థాన్ ప్రభుత్వం 2025 బడ్జెట్‌లో ప్రకటించింది. డ్రోన్లకు లక్షల్లో సబ్సిడీ ఇచ్చే చోట మన కాడెద్దులకూ ఆ పాటి సాయం దక్కాలి.

ప్రభుత్వం కదిలేదాకా మన చేతుల్లో ఉన్నవి చేసుకుందాం. నాడాలు కొట్టించే రోజు ఎద్దుకు ఉదయం మేత పెట్టవద్దు. పడగొట్టక తప్పకపోతే ఇసుక మీద, గడ్డి పరిచిన చోట పడగొట్టండి. పాత నాడా తీశాక పెరిగిన గిట్టను సమంగా చెక్కనిదే కొత్తది వేయనివ్వవద్దు. గిట్టకు తగ్గ నాడా ఉండాలి గానీ నాడాకు తగ్గట్టు గిట్టను కోయకూడదు. కొట్టించిన రెండు మూడు రోజుల్లో కుంటితే, గిట్ట వేడిగా తగిలితే ఆ మేకు వెంటనే తీయించి పశువైద్యుడికి చూపండి. గిట్ట సందుల్లో పుండ్లు పడే కాలంలో పది లీటర్ల నీటికి అర కిలో మైలుతుత్తం కలిపి కాళ్లు తడపండి. ఆ నీళ్లు పశువులు తాగకుండా, చెరువులో కలవకుండా చూడండి. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు తప్పక వేయించండి. ఆ జబ్బు మొదట పాడుచేసేది నోటిని, గిట్టనే. పశువులు గచ్చు మీద నిలబడే కొట్టాల్లో రబ్బరు చాపలు పరవండి. దాణా ఒక్కసారిగా పెంచవద్దు, దాని చెడు గిట్టలోకీ దిగుతుంది.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో రెండు లెక్కలు తీయండి. ఊళ్లో ఎన్ని జతల ఎడ్లున్నాయి? నాడాలు కొట్టేవాళ్లు ఎంతమంది మిగిలారు, ఎంత దూరం నుంచి వస్తున్నారు? ఆ లెక్కలతో తీర్మానం చేసి మండల పశువైద్యాధికారికి ఇవ్వండి, ఒక ప్రతి సంఘం కార్యాలయానికి పంపండి. నాల్‌బందులను సమావేశానికి పిలిచి వాళ్ల మాట కూడా వినండి. వాళ్లు మన సేద్యంలో భాగస్తులు. అన్ని మండలాల లెక్కలు చేతికి రాగానే వాటిని తీసుకుని పశుసంవర్ధక శాఖ తలుపు తడదాం.