సర్కారు మారుతుందంటే గుబులు.. కాగితం సంగతి ఎవరికీ పట్టదు

ఎన్నికలు దగ్గరపడితే చాలు, సింధనూరు, మాన్వి తాలూకాల ఆంధ్రా క్యాంపుల్లో ఓ మాట మొదలవుతుంది. ఫలానా పార్టీ వస్తే మనోళ్ల పని అయిపోయినట్టేనట! ఎవరన్నారయ్యా అంటే చెప్పేవాడుండడు. పొద్దున టీకొట్టు దగ్గర పుట్టిన మాట మధ్యాహ్నానికి కాలువ దాటుతుంది. సాయంత్రానికి గుంటూరు నుంచి వియ్యంకుడి ఫోను. ‘ఏంటి బావగారూ, అక్కడ మనోళ్లకి ఇబ్బందంట గదా?’

ఇక జాగ్రత్తలు మొదలు. ఒకాయన ధాన్యం అమ్మకుండా ఆపుతాడు. ఇంకొకాయన నాలుగెకరాలు బేరం పెడతాడు. భయపడి అమ్మేవాడి దగ్గర కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు, అది వేరే సంగతి. మరొకాయన పిల్లాణ్ని ఉన్నపళంగా విజయవాడ హాస్టల్లో చేర్చేస్తాడు. కష్టకాలం వస్తుందేమోనని ముందు చూపుతో ఉండటం తప్పు కాదు. అయితే ఏ కష్టానికి సిద్ధమవుతున్నారన్నదే ప్రశ్న. రాయచూరు జిల్లాలో జనం భయపడింది ఒకదానికి, దెబ్బతిన్నది మరో దగ్గర. గడువులోగా పెట్టని దరఖాస్తు, చేతిలో లేని పత్రం చేసినంత నష్టం క్యాంపుల వాళ్లకు ఏ కొత్త ముఖ్యమంత్రీ చేయలేదు.

అన్ని భయాలూ వట్టివేనని ఎవరూ అనలేరు. 1948 సెప్టెంబరు దాకా రాయచూరు నిజాం ఏలుబడిలోని జిల్లా. రజాకార్ల ఆగడాలకు తాళలేక ఎంతోమంది పిల్లాపాపలతో సరిహద్దు దాటి యూనియన్ ప్రాంతంలో తలదాచుకున్నారు. సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. అప్పుడు భయం ఇల్లు మారింది. హైదరాబాద్ సంస్థానంలోని పలు జిల్లాల్లో ముస్లిం కుటుంబాలపై జరిగిన హింసను తెలుసుకోవడానికి నెహ్రూ సుందర్‌లాల్ బృందాన్ని పంపారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఆ రోజుల్లో భయపడినవాళ్లను వెర్రివాళ్లనడం అన్యాయం. మరోపక్క ఇంట్లో దాచుకున్న హాలీ సిక్కాలు చిత్తుకాగితాలవుతాయన్న భయం మాత్రం నిజం కాలేదు. 7 సిక్కా రూపాయలకు 6 ఇండియా రూపాయల లెక్కన అవి ఇంకొన్నేళ్లు చెల్లాయి.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి మళ్లీ సర్కారు మారింది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. రాయచూరు జిల్లాలోని గద్వాల, అలంపూర్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్‌కు పోయాయి. మిగతా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. అత్తగారిల్లు ఓ రాష్ట్రం, పుట్టిల్లు ఓ రాష్ట్రం. ఉర్దూలో రాసిన రికార్డులు, తెలుగు మాట్లాడే ఇళ్లు, కన్నడంలో నడవబోయే కచేరీలు.. గుబులు పడకుండా ఎవరుంటారు? కానీ జరిగింది చూడండి. 1953లో తుంగభద్ర నీళ్లు కాలువలకు వదిలారు. తెలుగువాళ్లు పోవడం మాట అటుంచి, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు ఎడమగట్టు కాలువ కింద భూములు కొనుక్కోవడానికి బారులు కట్టారు. నేటి క్యాంపులు అలా వెలిసినవే.

అదే 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో చెప్పించే ఏర్పాట్లు చేయమంటుందది. అంతకు ముందే, 1949లో, విద్యామంత్రుల సమావేశం లెక్క కూడా చెప్పింది. బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఆ భాషవాళ్లుంటే ఆ భాషలో చెప్పే టీచరును వేయాలి. ఎన్ని క్యాంపుల పెద్దలకు ఈ 40, 10 లెక్క తెలుసు? ఎకరాకు ఎన్ని బస్తాలో అయితే నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

దరఖాస్తు విలువ ఏమిటో 1974 చెప్పింది. దేవరాజ్ అరసు ప్రభుత్వం భూసంస్కరణల చట్టాన్ని సవరించి ఆ ఏడాది మార్చి 1 నుంచి అమల్లోకి తెచ్చింది. భూములున్నవాళ్లకు గుండెల్లో రాయి పడింది. గరిష్ఠ పరిమితి 10 యూనిట్లు. అంటే రెండు పంటలు పండే మేలురకం భూమి 10 ఎకరాలు, మెట్ట అయితే 54 ఎకరాలు. కౌలుకిచ్చిన భూమి ప్రభుత్వపరమవుతుంది, కౌలుదారు తనకు హక్కు కావాలని భూన్యాయ మండలికి 7వ నంబరు ఫారం పెట్టుకోవాలి. గడువును పెంచుకుంటూ పోయి 1979 జూన్ 30తో ముగించారు. యజమానితో ఎందుకు పేచీ అని ఫారం పెట్టనివాళ్లకు చట్టం చుట్టం కాలేదు. ఏళ్ల తరబడి దున్నిన చేతులకు దక్కిందేమీ లేదు.

ఆ చట్టం తాలూకు ఓ ముడి ఇంకా విడలేదు. సైనికులు, నావికుల వంటి మినహాయింపులు తప్ప కర్ణాటకలో సాగుభూమిని కౌలుకివ్వడం ఇప్పటికీ కుదరదు. మరి కాలువ కింద కౌలు సాగు లేదా? ఎటు చూసినా అదే. అంతా నోటిమాట మీద నడుస్తుంది. పహాణీలో యజమాని పేరే ఉంటుంది. పంట మునిగితే పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు పెట్టారు, 2019లో సాగుదారు హక్కు పత్రాల చట్టం తెచ్చారు. వాటి అమలు గొప్పగా ఉందని కాదు, కనీసం అడగడానికి ఓ కార్డుంది. ఇక్కడి తెలుగు సంఘాలు ఏ పార్టీ వస్తుందోనని లెక్కలేసే సమయంలో కొంత బెంగళూరుకు ఈ మాట చేరవేయడానికి వాడితే కౌలు రైతు మేలు కోరినట్టవుతుంది. క్యాంపుల్లో భూమున్నవాళ్ల గొంతే వినపడుతుంది, దున్నేవాడి గొంతు వినపడదు. చేదుగా ఉన్నా చెప్పాల్సిన మాట ఇది.

ఇక చదువుల సంగతి. 371(జె) అధికరణం 2013లో అమల్లోకి వచ్చింది. కల్యాణ కర్ణాటక అని ఇప్పుడు పిలుస్తున్న ఈ ప్రాంతంలో స్థానికులకు విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు, ఉద్యోగాల్లో కేడరును బట్టి 75 నుంచి 85 శాతం కోటా దీనివల్ల వచ్చాయి. స్థానికుడంటే కన్నడం ఇంటిభాష అయినవాడని అందులో లేదు. ఇక్కడ పుట్టినవాళ్లు, లేదా నిబంధన ప్రకారం పదేళ్లు నివాసమున్నవాళ్లు, వాళ్ల పిల్లలు అర్హులు. క్యాంపులో పుట్టిన తెలుగు పిల్లవాడికి ఇందులో అన్యాయమేమీ లేదు. కానీ అర్హత పత్రం అడిగితేగానీ ఇవ్వరు. జనన ధ్రువీకరణ, బడి రికార్డు, తండ్రి నివాసం.. ఒక్కో కాగితానికీ నాడ కచేరి, తాలూకా ఆఫీసు, అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసు తిరగాలి. ఫలితాలొచ్చి కౌన్సెలింగ్ మొదలయ్యాక పరుగెత్తితే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

అందుకే భయంతో పిల్లాణ్ని ఆరో తరగతిలోనే విజయవాడ పంపడం అన్నిటికన్నా ఖరీదైన జాగ్రత్త. కర్ణాటక సీఈటీకి ప్రధాన అర్హత నిబంధన ఇక్కడి బడుల్లో కనీసం 7 ఏళ్లు చదివి ఉండాలంటుంది, ఎస్ఎస్ఎల్‌సీ గానీ ద్వితీయ పీయూసీ గానీ ఇక్కడే పాసవ్వాలంటుంది. అటు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానికత లెక్క చదివిన ఏళ్లను బట్టే. మధ్యలో మార్చుకుంటూ పోతే ఆ కుర్రాడి బతుకు రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. వచ్చే సర్కారు ఏం చేస్తుందోనని పంపితే, ఉన్న నిబంధనలే సీటు పోగొడతాయి.

కన్నడం విషయంలోనూ అంతే. సరోజినీ మహిషి కమిటీ 1980లలోనే, 15 ఏళ్లు రాష్ట్రంలో ఉండి కన్నడం మాట్లాడటం, చదవడం, రాయడం వచ్చినవాళ్లను కన్నడిగులుగా లెక్కించమంది. 2024 జూలైలో ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానిక కోటా కోసం మంత్రివర్గం ఆమోదించి, గగ్గోలు లేచాక పక్కన పెట్టిన బిల్లులోనూ దాదాపు అదే కొలత. రేపు ఏ ప్రభుత్వమైనా దాన్ని మళ్లీ బయటకు తీయొచ్చు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నా కన్నడంలో సంతకం తప్ప రాయలేని పెద్దలు క్యాంపుల్లో కనిపిస్తారు. పిల్లలకు కన్నడం బాగా వస్తే తెలుగు పోతుందన్న బెంగ అక్కర్లేదు. ఇంట్లో మాట్లాడితే తెలుగు ఎక్కడికీ పోదు.

2021 అక్టోబరులో అప్పటి రాయచూరు ఎమ్మెల్యే శివరాజ్ పాటిల్, తమను పట్టించుకోకపోతే జిల్లాను తెలంగాణలో కలిపేయమని అన్నారు. దాంతో కొన్నాళ్లు క్యాంపుల్లో అదే చర్చ. కలిపేస్తే మనకు లాభమా, నష్టమా అని పందేలు. జిల్లా ఎక్కడికీ పోలేదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మాత్రం నిజమైన కష్టం గడపలోకొచ్చింది. 33 గేట్లూ మార్చాలని తేల్చారు. 2025లో నిల్వ తగ్గించారు, రెండో పంటకు నీళ్లివ్వలేమన్నారు. వరి మీదే బతికే ఇళ్లకు ఆరు నెలల ఆదాయం పోయినట్టే. మాన్వి, సిరవార, రాయచూరు చివరి భూముల రైతులకు ఇది కొత్త కాదు. ఎగువన నిబంధన దాటి వరి వేస్తే చివరికి చుక్క రాదని వాళ్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ఆ ఎగువ వరిలో తెలుగు రైతుల వాటా కూడా ఉంది మరి. ఏ పార్టీ గెలిచినా గొలుసు తెగక మానదు. కంది, శనగ, జొన్న వేయడానికి ఎవరి ప్రమాణ స్వీకారమూ అక్కర్లేదు.

శాసనసభ ఎన్నికలు మళ్లీ 2028లో. కాలువ కట్టేసిన రోజుల్లో పొలంలో పని తక్కువ. పహాణీలో తాత పేరే ఉందా, వారసులకు మారిందా చూసుకోవడానికి, పిల్లలకు 371(జె) పత్రం తీయించడానికి, బడి రికార్డులో ఇంటిపేరు తప్పుంటే దిద్దించడానికి ఆ రోజులు సరిపోతాయి. వియ్యంకుడు మళ్లీ ఫోను చేస్తే చెప్పడానికి నాలుగు మాటలుంటాయి.